అబద్ధం చెప్పాడా... అయితే ఎదుగుతున్నాడు!

పోయిన దసరాకి ప్రొద్దుటూరులో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. ఆ ఊరి దసరా సంగతి తెలిసిందేగా! అమ్మవారిశాల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం, వీధుల పొడవునా దీపాల తోరణాలు. రాత్రి అలంకారం చూసి, ఆలస్యంగా ఇంటికొచ్చి పడుకున్నాం. పొద్దున లేచేసరికి ఇంట్లో పెద్ద పంచాయితీ!

విషయం ఏంటంటే... అక్క వాళ్లత్త పండక్కని చేసి స్టీలు డబ్బాలో దాచిన కజ్జికాయల్లో మూడు తగ్గాయి. డబ్బాకి మూత మాత్రం పెట్టే ఉంది. పక్కనే నాలుగున్నరేళ్ల మా మేనల్లుడు బుద్ధిగా నిలబడి ఉన్నాడు. మూతి చుట్టూ కొబ్బరిపొడి.

''ఎవర్రా తినింది?'' అని బావ అడిగాడు.

''నేను తినలా నాయనా. పిల్లి తినింది.''

''పిల్లి మూత తీసి, తిని, మళ్లా మూత పెట్టి పోయిందా?''

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. ''ఊ... పెట్టింది.''

అంతే! బావ చెయ్యి వాడి వీపు మీద పడింది. ''ఇంతప్పుడే అబద్ధాలు మొదలుపెట్టినాడు. పెద్దోడైతే ఇంగేమవుతాడో!'' అని ఆయన బాధ.

నాన్న గొంతు పెరిగేసరికి రెండున్నరేళ్ల చెల్లెలు భయపడింది. పరుగెత్తుకెళ్లి జేజి చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. మొహం ఒక్కటే! మిగతా పిల్లంతా బయటే ఉంది. జేజి నవ్వాపుకుంటూ ''పాప యాడుండాదబ్బా, కనపడ్లేదే!'' అంది. కుచ్చిళ్లలోంచి గట్టిగా జవాబొచ్చింది: ''నేనీడ ల్యా జేజీ!''

ఏడుస్తున్నవాడితో సహా అందరం నవ్వేశాం. జేజి పాపనెత్తుకుని ముద్దు పెట్టుకుంది. ఒకే ఇంట్లో, ఒకే నిమిషంలో... ఒకడికి దెబ్బ, ఒకదానికి ముద్దు!

ఆ రోజంతా నాకదే ఆలోచన. ఎందుకంటే, ఆ ఇద్దరు పిల్లలూ చేసింది వేర్వేరు పనులు కావు. ఒకే మెట్ల మీద ఇద్దరూ రెండు మెట్లలో ఉన్నారంతే. 'నాకు మీరు కనపడటం లేదు కాబట్టి మీకూ నేను కనపడను' అనుకునే పాప కింది మెట్టు మీద ఉంది. 'నాకు తెలిసింది నాయనకు తెలియదు' అని కనిపెట్టినవాడు పై మెట్టెక్కాడు. దెబ్బ పడింది మాత్రం పైకెక్కినవాడికి!

చాక్లెట్ ఎక్కడుంది?

ఎదుటి మనిషికీ ఒక మనసుంటుందనీ, అందులో ఉన్నదీ మన మనసులో ఉన్నదీ ఒకటే కానక్కర్లేదనీ మనకు తెలుసు. ఎంత బాగా తెలుసంటే, ఎప్పుడు నేర్చుకున్నామో కూడా గుర్తులేదు. ఈ తెలివికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'థియరీ ఆఫ్ మైండ్'. ఈ పేరు మొదట వినిపించింది పిల్లల గురించి కాదు, చింపాంజీల గురించి! ఎదుటివాళ్ల ఉద్దేశాలు చింపాంజీకి అర్థమవుతాయా అని 1978లో ప్రేమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు అడిగారు. సరే, చింపాంజీ సంగతి తర్వాత... మన పిల్లల మాటేమిటి అన్న ప్రశ్న దాన్నుంచే పుట్టింది.

దానికి ఓ చక్కటి పరీక్ష కనిపెట్టినవారు ఆస్ట్రియాకు చెందిన హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్. 1983లో వాళ్లు పిల్లలకో బుల్లి కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమారలో పెట్టి ఆడుకోవడానికి వెళ్లాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ కేకు చేయడానికి అందులో కొంచెం వాడుకుని, మిగిలింది వేరే అలమారలో పెట్టింది. మాక్సీ ఆకలితో తిరిగొచ్చాడు. ఇప్పుడు చెప్పండి... చాక్లెట్ కోసం వాడు ఏ అలమార తెరుస్తాడు?

'ముందు తను పెట్టిన అలమారే' అని మీరు టక్కున చెబుతారు. మూడేళ్ల పిల్లల్ని అడగండి... 'అమ్మ పెట్టిన అలమార' అంటారు! చాక్లెట్ అక్కడుందని వాళ్లకు తెలుసు. కాబట్టి మాక్సీకీ తెలియాల్సిందే. తమకు తెలిసిన విషయం తెలియని మనిషి ఈ లోకంలో ఒకడుంటాడన్న సంగతే వాళ్లకింకా తట్టదు.

ఆ తర్వాత ఇలాంటి పరీక్షలు ప్రపంచమంతా వందల్లో జరిగాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ వెల్‌మన్ బృందం 2001లో 178 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. తేలిందేమిటంటే... మూడేళ్లప్పుడు ఎక్కువమంది తప్పుతారు, ఐదేళ్లకల్లా ఎక్కువమంది నెగ్గుతారు. మలుపు వచ్చేది నాలుగేళ్లకు అటూ ఇటూగా.

అలాగని అంతకుముందు పిల్లలకేమీ తెలియదనుకోవద్దు. 1997లో అమెరికాలోనే చేసిన ఓ ప్రయోగంలో ఓ అక్క పిల్లల ముందు కూర్చుని బిస్కెట్లు తిని 'ఛీ' అని మొహం పెట్టింది, పచ్చి బ్రోకలీ తిని 'ఆహా' అంది. ఆ తర్వాత 'నాకు కాస్త పెట్టవూ' అని చెయ్యి చాపింది. పద్నాలుగు నెలల పిల్లలు తమకిష్టమైన బిస్కెట్లే ఇచ్చారు. పద్దెనిమిది నెలల వాళ్లు మాత్రం 'నాకు నచ్చకపోయినా ఆమెకిదే ఇష్టం' అన్నట్టు బ్రోకలీ ముక్కలు అందించారు. అంటే ఇష్టాలు వేరుగా ఉంటాయని ముందు తెలుస్తుంది. నమ్మకాలు వేరుగా ఉంటాయని తెలియడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. మాటలు రాని పసివాళ్లకు కూడా ఈ సంగతి లీలగా తెలుసునని, వాళ్ల చూపుల్ని బట్టి 2005 నుంచి కొందరు వాదిస్తున్నారు. ఆ వాదన ఇంకా తేలలేదు.

బిస్కెట్ ప్యాకెట్లో చెనిక్కాయలు

'ఎక్కడో ఆస్ట్రియా పిల్లల ముచ్చట మనకెందుకు?' అనిపించిందా? నాకూ అనిపించింది. పండగ హడావుడి తగ్గాక పులివెందుల బస్సెక్కాను. అక్కడ నా స్నేహితుడి భార్య అంగన్‌వాడీ టీచరు. వెళ్తూ వెళ్తూ ఓ బిస్కెట్ ప్యాకెట్ కొని, బిస్కెట్లు తీసేసి, వేయించిన చెనిక్కాయలు నింపి మళ్లీ అతికించాను. ఇది 1987లో వచ్చిన మరో ప్రసిద్ధ పరీక్ష. అప్పుడు వాళ్లు చాక్లెట్ డబ్బాలో పెన్సిల్ పెట్టారు. నేను మన చెనిక్కాయలు పెట్టాను!

ముందుగా ఓ మూడేళ్ల పాప వచ్చింది. ''ఇందులో ఏముందమ్మా?'' అంటే కళ్లు మెరిపిస్తూ ''బిస్కెట్లు!'' అంది. తెరిచి చూపించాను. మొహం చిన్నబోయింది. మళ్లీ మూసేసి అడిగాను: ''బయట ఆడుకుంటాండే మీ ఫ్రెండు దీన్ని చూల్లేదు కదా! వాణ్ణి పిలిచి అడిగితే ఏముందంటాడు?''

''చెనిక్కాయలు!''

''మరి తెరవకముందు నువ్వేమనుకున్నావు?''

''చెనిక్కాయలు!''

అబద్ధమాడుతోందా? కాదండీ. ఎదుటివాడి మనసే కాదు, నిమిషం కిందటి తన మనసు కూడా ఆ వయసుకి చేతికందదు. పిల్ల అంత ధీమాగా చెప్పిందంటే అది దబాయింపు కాదు, దాని నిజం అదే.

తర్వాత వచ్చినవాడికి ఐదేళ్లు నిండబోతున్నాయి. చెనిక్కాయలు చూడగానే పకపకా నవ్వాడు. ''నీ ఫ్రెండు ఏమంటాడు?'' అని పూర్తిగా అడగకముందే ''బిస్కెట్లంటాడు... మోసపోతాడు!'' అని గంతులేశాడు. పైగా ''వాణ్ణి నేను పిలుస్తా, నువ్వు చెప్పాకు సార్'' అని నాతో ఒప్పందం కూడా చేసుకున్నాడు!

టీచరమ్మ నవ్వింది. ''అందుకేనన్నా, దాగుడుమూతలు ఆడిస్తే చిన్నోళ్లు ప్రతిసారీ అదే తలుపు ఎనక దాక్కుంటారు. పిలిస్తే పలుకుతారు. పెద్ద పిల్లోళ్లు మాత్రం ఇంకోపక్క చప్పుడు చేసి మనల్ని ఏమారుస్తారు'' అంది. పుస్తకాల్లో పేజీలకు పేజీలున్న విషయాన్ని ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

నాలుగైదుగురు పిల్లలతో నేనాడించింది పరిశోధనేమీ కాదు, సరదా. కానీ అసలు పరిశోధన కూడా మన దేశానికొచ్చింది. 2005లో ప్రచురితమైన ఓ అధ్యయనంలో కెనడా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్‌తో పాటు భారతదేశపు పిల్లలకూ ఒకే ఆట పెట్టారు. బోర్లించిన గిన్నెల్లో ఒకదాని కింద ఓ పెద్దమనిషి వస్తువు దాచి బయటికెళ్తాడు. అతను లేనప్పుడు పిల్లాడి చేతే దాన్ని వేరే గిన్నె కిందికి మార్పిస్తారు. అతను వచ్చి ఏ గిన్నె ఎత్తుతాడన్నది ప్రశ్న. ఐదు దేశాల్లోనూ మూడేళ్ల పిల్లలు తప్పారు, ఐదేళ్ల పిల్లలు నెగ్గారు. బడులు వేరు, భాషలు వేరు, తిండి వేరు... మెట్లు మాత్రం ఇంచుమించు అవే!

పుస్తకం అటు తిప్పమ్మా...

పులివెందుల నుంచి తిరుగు ప్రయాణంలో ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాను. అక్క ఆడబిడ్డ ఇల్లు అక్కడే. కాఫీ తాగుతుండగా పక్కింటి వసారాలో ఓ మూడేళ్ల పాప ఫోన్లో మాట్లాడుతోంది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏడాది దాటింది. కడప జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్నో మీకు చెప్పనక్కర్లేదు. పాపను చూసుకునేది అవ్వ.

ఆ రోజు పాప బొమ్మ గీసింది. పుస్తకం తెచ్చి, ''అమ్మా, చూడు... ఇది నువ్వు!'' అంటూ ఎత్తి పట్టుకుంది. బొమ్మ తన వైపు ఉంది. ఫోను వైపున్నది అట్ట. కువైట్‌లోని తల్లికి కనిపించింది ఆ అట్టే. అయినా ఆమె ''ఎంత బాగా వేసినావు తల్లీ...'' అంది. గొంతు మాత్రం జీరపోయింది.

పక్కనే ఉన్న ఎనిమిదేళ్ల పెదనాన్న కొడుకు పుస్తకం పట్టుకుని గిర్రున తిప్పాడు. ''నీకు కనపడితే పిన్నమ్మకు కనపడినట్టా? పిన్నమ్మ ఆ పక్క ఉండాది!'' పాప వాడివైపు, ఫోనువైపు మార్చి మార్చి చూసింది. 'ఆ పక్క' అనేదొకటి ఉందని ఆ పిల్లకు అప్పుడే మొదటిసారి అనుమానమొచ్చినట్టుంది.

ఇలాంటి పిల్లకు 'అమ్మ ఎందుకు వెళ్లిపోయింది?' అనేది చిన్న ప్రశ్న కాదు. అమ్మ కనిపించదు. కనిపించని అమ్మ మనసులో తనున్నానని పిల్లకెలా తెలుస్తుంది? అవ్వ చెప్పిన మాట విని నాకు ఆశ్చర్యమేసింది. ''రోజూ పడుకునేటప్పుడు చెప్తానయ్యా. 'మీయమ్మ ఈపొద్దు నిన్ను తల్చుకోనుంటాది. పాప అన్నం తినిందో లేదో అనుకుంటాంటాది. నీకు గౌను కొనాలని పనికి పోయింది గానీ నీ మీద కోపమొచ్చి పోలేదు' అని. రోజూ చెప్పల్ల. ఒక దినం చెప్తే నిలబడదు.''

ఏ డిప్లొమా చదవని ఆ అవ్వ చేస్తున్న పని ఏమిటో తెలుసా? పిల్లకు రోజుకో చెంచాడు చొప్పున ఇంకో మనిషి మనసును తినిపిస్తోంది.

'అనుకోవడం' ఎలా వస్తుంది?

పళ్లు వచ్చినట్టు ఈ తెలివి కూడా వయసుతో దానంతటదే వచ్చేస్తుందా? పూర్తిగా కాదు. చుట్టూ ఉన్న మాటల్లోంచి, మనుషుల్లోంచి పిల్లలు దీన్ని ఏరుకుంటారు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న పిల్లలు ఈ పరీక్షల్లో ముందుంటున్నారని 1994లో పెర్నర్ బృందం గమనించింది. ఆ వ్యాసం పేరే సరదాగా ఉంటుంది... ఈ తెలివి అంటువ్యాధి లాంటిదట, తోబుట్టువుల నుంచి అంటుకుంటుందట! రెండేళ్ల తర్వాత గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, సైప్రస్‌లో చేసిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. సొంత తోబుట్టువులే కానక్కర్లేదు... రోజూ కలిసే పెద్ద పిల్లలు, పిన్నమ్మలు, పెదనాన్నలు, తాతలు ఎంత ఎక్కువమంది ఉంటే అంత మేలట. జమ్మలమడుగులో పుస్తకం తిప్పిన ఆ ఎనిమిదేళ్లవాణ్ణి గుర్తు తెచ్చుకోండి!

ఇక మాటల సంగతి. మధ్య అమెరికాలోని నికరాగ్వాలో 1970ల చివర బధిరుల కోసం బడులు తెరిచారు. అప్పటిదాకా ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా ఉన్న పిల్లలు ఒకచోట చేరేసరికి, కొత్త సైగల భాషే పుట్టింది. మొదటి తరం వాళ్ల సైగల్లో 'అనుకున్నాడు', 'తెలుసు' లాంటి మాటలు తక్కువ. పెద్దవాళ్లయ్యాక కూడా మాక్సీ లాంటి పరీక్షలో వాళ్లు తడబడ్డారు. తర్వాతి తరం సైగల్లో ఆ మాటలు పెరిగాయి, వాళ్లు సులువుగా నెగ్గారు. అసలు వింత ఇదీ... చిన్నవాళ్లతో కలిసి ఆ మాటలు నేర్చుకున్నాక మొదటి తరంవాళ్లూ మెరుగయ్యారు! 2009లో వచ్చిందీ అధ్యయనం.

ఈ విషయంలో మన తెలుగును చూస్తే ముచ్చటేస్తుంది. ఆలోచించడానికి మనకున్న రోజువారీ మాట 'అనుకోవడం'. విడదీసి చూడండి... అను, కొను. తనకు తాను చెప్పుకోవడం! ఎదుటివాళ్లకు వినపడని మాట. మనసంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? పొరపాటుగా నమ్మడానికి 'పొరబడ్డాడు' అన్న మాట ఉంది. నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నానని తెలపడానికి 'అట' ఉంది. 'మామ ఊరికెళ్లాడట' అన్న చిన్న వాక్యంలో ఎంత జాగ్రత్త!

కథలు కూడా అంతే. పంచతంత్రంలో కోతి, మొసలి కథ తీసుకోండి. కోతి గుండె చెట్టు మీద ఉందని మొసలి నమ్మింది. లేదని మనకు తెలుసు, కోతికి తెలుసు. పిల్లాడు ఆ కథకు నవ్వాడంటే మొసలి బుర్రలోకి దూరి వచ్చాడన్నమాటే. మూడేళ్లప్పుడు ఊరికే విన్న కథకే ఐదేళ్లప్పుడు విరగబడి నవ్వుతాడు. కథ మారలేదు, వాడు మారాడు.

అయితే అన్ని ఇళ్లలోనూ మెట్లు ఒకే వరసలో ఉండవు. 'ఒకే విషయం మీద ఇద్దరికి రెండు అభిప్రాయాలుంటాయి' అన్న సంగతి అమెరికా, ఆస్ట్రేలియా పిల్లలకు ముందు తెలుస్తుంది. చైనా, ఇరాన్ పిల్లలకు 'ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు' అన్నది ముందు తెలుస్తుందని పరిశోధకులు గమనించారు. పెద్దల మాటకు ఎదురుచెప్పకుండా, తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోమనే ఇళ్లు కదా! మన ఇళ్లు ఏ కోవలోకి వస్తాయో మీరే ఆలోచించండి. 'నీకేమనిపిస్తోంది నాన్నా?' అని పిల్లాణ్ణి మనం చివరిసారి ఎప్పుడడిగాం?

దెబ్బ ఏం నేర్పుతుంది?

మళ్లీ మన కజ్జికాయల దగ్గరికొద్దాం. ''అయితే అబద్ధాలాడనీయమంటావా?'' అని బావ నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే.

అబద్ధం మంచిదని ఎవరూ అనడం లేదు. కానీ నాలుగేళ్ల పిల్లాడి అబద్ధం దొంగబుద్ధికి గుర్తు కాదు. ఎదుటి మనసును తెలుసుకున్నవాడు ఆ కొత్త పనిముట్టును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కత్తెర దొరికిన పిల్లాడు ముందు కర్టెన్ కత్తిరిస్తాడు. కత్తెర లాక్కుని నాలుగు వడ్డించడం ఒక పద్ధతి. దాంతో ఏం కత్తిరించాలో చూపించడం ఇంకో పద్ధతి.

పశ్చిమ ఆఫ్రికాలో రెండు బడుల్లో జరిగిన ఓ అధ్యయనం 2011లో వచ్చింది. ఒక బడిలో చిన్న తప్పుకూ బెత్తమే. ఇంకో బడిలో మందలింపు మాత్రమే. రెండు చోట్లా మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఒకటే పరీక్ష. పిల్లాడి వెనకాల బొమ్మ పెట్టి, 'నేనొచ్చేదాకా తిరిగి చూడొద్దు' అని చెప్పి బయటికెళ్లారు. రెండు బడుల్లోనూ చాలామంది తిరిగి చూశారు... పిల్లలు కదా! 'చూశావా?' అంటే బెత్తం బడి పిల్లల్లో దాదాపు అందరూ 'లేదు' అన్నారు. రెండో బడిలో అలా అన్నవాళ్లు బాగా తక్కువ. అంతటితో అయిపోలేదు. 'మరి ఆ బొమ్మ ఏమై ఉంటుందంటావు?' అని అడిగితే రెండో బడి పిల్లలు బొమ్మ పేరు చెప్పేసి దొరికిపోయారు. బెత్తం బడి పిల్లలు ఎక్కువమంది తెలియనట్టే నటించారు!

అంటే దెబ్బ నిజాన్ని నేర్పలేదు, అబద్ధాన్ని పదును పెట్టింది. మన దేశంలో బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో ఆ పని మనమే చేసుకోవాలి.

మరి ఏం చేయాలి? దీనికీ ఓ జవాబుంది. 2014లో వచ్చిన ఓ అధ్యయనంలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు రకరకాల నీతికథలు చెప్పి, తర్వాత వాళ్లెంత నిజం చెబుతారో చూశారు. మన 'నాన్నా పులి' లాంటి కథ, అదేనండీ... అబద్ధమాడినవాడికి చివర్లో పెద్ద శిక్ష పడే కథ, పనిచేయలేదు. పినోకియో కథా పనిచేయలేదు. పనిచేసింది ఒకటే... చెట్టు నరికిన సంగతి ఒప్పుకున్న బాల వాషింగ్టన్‌ను తండ్రి మెచ్చుకున్న కథ. శిక్ష భయం కన్నా నిజానికి దక్కిన మెప్పు ఎక్కువ పనిచేసిందన్నమాట. మనకు అలాంటి కథ లేదా? ఆవు, పులి కథ ఉందిగా! దూడకు పాలిచ్చి వస్తానని మాటిచ్చి, మాట ప్రకారం తిరిగొచ్చిన ఆవును పులి వదిలేసింది. ఈసారి పులి కథ చెప్పాల్సి వస్తే, ఆ పులినే పిలవండి.

ఆలస్యమైతే...

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొందరు పిల్లలకు ఈ మెట్లు కష్టంగా ఉంటాయి. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం ఆటిజం ఉన్న 20 మంది పిల్లలకు మాక్సీ లాంటి పరీక్షే పెడితే 16 మంది తప్పారు. మాట వినపడని పిల్లల్లో కూడా, ఇంట్లో సైగల భాష తెలియనివారికి ఇది ఆలస్యమవుతుంది. సైగల భాష ఉన్న ఇంట్లో పుట్టిన బధిర పిల్లలు అందరితో సమానంగానే నేర్చుకుంటారు. అంటే లోపం పిల్లల మనసులో లేదు, వాళ్లకందని మాటల్లో ఉంది.

ఇలాంటి పిల్లల్ని మనమేమంటాం? 'పిలిస్తే చూడడు, పొగరు', 'ఎదుటోళ్ల బాధ పట్టదు, మొండిఘటం'. పాపం, ఆ తల్లి ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తుందో! తనూ ఆటిజం ఉన్నవారే అయిన బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఓ మంచి మాట చెప్పారు. మా మనసులు మీకు అర్థం కాకపోవడం కూడా అంతే నిజం, ఇది రెండు వైపులా ఉన్న ఇబ్బంది అని. ఆలోచించాల్సిన మాట. ఎదుటి మనసు తెలుసుకోవడం రావాల్సింది పిల్లలకేనా?

పిలిస్తే పలక్కపోయినా, మాటలు ఆలస్యమైనా, తోటిపిల్లలతో కలవకపోయినా దిగులుతో దాచుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించండి, పిల్లల డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రాలకు పంపే ఏర్పాటుంది. అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెబుతారు.

ఇంట్లో మీరూ చేయొచ్చు!

* కథ చెప్పేటప్పుడు మధ్యలో ఆపండి. 'ఇప్పుడు మొసలి ఏమనుకుంటోంది?' అని అడగండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు.
* 'ఏడవొద్దు' అని ఊరుకోకుండా 'బొమ్మ విరిగిందని బాధేసిందా?' అనండి. ఇంట్లో మనసుల గురించి మాటలు ఎక్కువగా విన్న పిల్లలు వాటిని తొందరగా పట్టుకుంటారు.
* మీ మనసూ చెప్పండి. 'నువ్వు కనపడకపోయేసరికి తప్పిపోయావేమో అనుకున్నా' అంటే, అరుపు వెనకున్న భయం పిల్లాడికి తెలుస్తుంది.
* దాగుడుమూతలు, ఉత్తుత్తి వంటలు, బొమ్మల పెళ్లిళ్లు ఆడనివ్వండి. ఉత్తుత్తి కాఫీ ఇస్తే ఊదుకుంటూ తాగండి!
* సమాధానం మీకు తెలిసినప్పుడు, తెలియనట్టు అడిగి అబద్ధంలోకి దించకండి.

ఈ చివరిది మా బావకు నేనిచ్చిన సలహా. ప్రొద్దుటూరు నుంచి బయల్దేరే ముందు రాత్రి ఆయన కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. 'ఎవరు తినింది' అని అడగలేదు. ''కజ్జికాయలు నువ్వు తిన్నావని నాకు తెలుసు నాయనా. తినాలనిపించింది, తిన్నావు. నిజం చెప్పింటే నాకు సంతోషమయ్యేది. చెప్తే కొడతాననుకున్నావా?'' అన్నాడు.

వాడు చాలాసేపు చొక్కా గుండీతో ఆడుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు:

''నేను తినింది రెండే నాయనా. ఒకటి పాపకిచ్చినా. చెప్తే పాపను కూడా కొడతావనుకున్నా.''

బావ ఏమీ మాట్లాడలేదు. పొద్దున దెబ్బ పడినచోట చెయ్యి పెట్టి అలాగే నిమురుతూ కూర్చున్నాడు.